తీగ మొదట్లో పోసిన బూడిద

మా బిడ్డ హైదరాబాదు నుంచి నా ఫోనుకు ఒక వీడియో పంపింది. శరదృతువులో ఇంటి మొక్కలను ఎలా చూసుకోవాలో అందులో ఒకాయన చెబుతాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోటికి మట్టి అంటకుండా, కుండీల మధ్య పెళ్లికొడుకులా నిలబడ్డాడు. వానలు తగ్గాక నీళ్లు తగ్గించాలట. ఆకుల మీది దుమ్ము తుడవాలట. పండిన ఆకులు ఎప్పటికప్పుడు తీసేయాలట. ఎవరో చెప్పారని కనపడిందల్లా మొదట్లో పోయకూడదట. అన్నీ మంచి మాటలే. ఆకు మాడిపోతే ముందు మట్టిని చూడండి, మనుషుల సంగతి తర్వాత అని మాత్రం ఆయన చెప్పలేదు. అది ఎవరూ చెప్పరు. నాకు తెలిసేసరికి ఒక మనిషి కాపురం పోయింది.

శరదృతువు అనే మాట బడి పుస్తకంలో చదవడమే తప్ప మా ఇళ్లలో ఎవరి నోటా వినలేదు. వానలు వెనకపట్టి, పొద్దున పూట మంచు పడడం మొదలై, చేల గట్ల మీద గునుగు తెల్లగా పూస్తే బతుకమ్మ నెల వచ్చిందనేవాళ్లం. ఇప్పుడు నేనుండేది జనగామలో, మొదటి అంతస్తులో. మా ఆయన బొగ్గుబాయి ఉద్యోగం అయిపోయాక ఇక్కడికి వచ్చేశాం. ఈ నెలలో మార్కెట్టుకు పోయే పత్తి బండ్ల నుంచి దూది పోగులు లేచి మా బాల్కనీలో క్రోటన్ ఆకులకు అంటుకుంటాయి. పాత ధోవతి గుడ్డ తడిపి ఒక్కొక్క ఆకూ తుడుస్తాను. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ, ఇంట్లో మనిషికి లేని భాగ్యం మొక్కలకు పట్టిందని వెక్కిరిస్తాడు. నేను తుడుస్తూనే ఉంటాను. బాల్కనీలో పదమూడు కుండీలు ఉన్నాయి. పన్నెండింటిలో మొక్కలున్నాయి. పదమూడోదాని జోలికి ఆయన కూడా పోడు.

మొక్కల పిచ్చి నాకు భూపాలపల్లిలో పట్టింది. పెళ్లయి అక్కడికి పోయినప్పుడు మాకిచ్చిన క్వార్టరు రెండు గదులు, ముందొక జాలీ వరండా. అలాంటి ఇళ్లు ఒక వరసలో పది, గోడకు గోడ ఆనుకుని. గనిని అక్కడ బాయి అంటారు. మగవాళ్లు బాయి మీదికి పోతే ఆడవాళ్లం దుమ్ముతో కొట్లాడేవాళ్లం. ఉతికి ఆరేసిన బట్ట తీసేసరికి బూడిద రంగుకొచ్చేది. మూడు రోజులు తుడవకపోతే మనీ ప్లాంటు ఆకు మీద వేలితో పేరు రాయొచ్చు. పచ్చగా ఉండేది ఏదైనా ఒకటి కళ్ల ముందు కావాలనిపించి పెయింటు బకెట్లలో, నూనె డబ్బాలలో చామంతులు, కలబంద, రణపాల పెట్టుకున్నాను. ఇద్దరు బిడ్డల తల్లి ఇంత పని దేనికి పెట్టుకుందని వరసలో నవ్వేవాళ్లు. నవ్విన వాళ్లే చామంతి పిలకలు అడిగి పట్టుకుపోయేవాళ్లు.

అన్నిటికన్నా పెద్దది తమలపాకు తీగ. దాన్ని మా అత్త తెచ్చింది. మా అత్తగారి ఊరు పెద్దవంగర దగ్గర. ఆవిడ ఒక వానాకాలం తడి గోనెలో చుట్టుకుని రెండు కొమ్మలు తెచ్చి, నీలం డ్రమ్ము సగానికి కోయించి, వరండా మూలన నాటింది. నాటుతూనే నియమాలు చెప్పింది. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నపు ఎండ తగలకూడదు. గోటితో గిల్లకూడదు, కాడతో తుంచాలి. నెలసరిలో దూరమున్న ఆడది దాన్ని తాకకూడదు, నీడ కూడా పడకూడదు. తాకితే తీగ మాడి చస్తుంది. నేను ఆ మూడు రోజులూ వరండాలో గోడ పక్కనుంచి ఒదిగి నడిచేదాన్ని. డిగ్రీ దాకా చదివినదాన్నే. నమ్మానా అంటే, నమ్మలేదని చెప్పడానికి ధైర్యం లేదు, నమ్మానని ఒప్పుకోవడానికి సిగ్గు. అత్త పోయింది. తీగ జాలీ అంతా ఎక్కి కప్పుకు తగిలింది.

ఆ తీగతో నాకు వరసలో ఒక పెద్దరికం వచ్చింది. బతుకమ్మ పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టడానికి ప్రతి ఇంటికీ తమలపాకు కావాలి. చివరి రోజు సద్దుల బతుకమ్మనాడు పది ఇళ్ల ఆడవాళ్లు పళ్లాలు పట్టుకుని మా జాలీ ముందుకొచ్చేవాళ్లు. నేను స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఒక్కొక్కరికి ఐదేసి ఆకులు తుంచి ఇచ్చేదాన్ని. నన్ను ఆకులక్క అనేవాళ్లు. ఒకసారి బాయిలో పెద్ద ఉద్యోగి భార్య కూడా మనిషిని పంపించింది. ఆ రోజంతా నేను నేల మీద నడిచానో లేదో గుర్తులేదు. గొప్పలు చెప్పుకోవడానికి మా దగ్గర ఇంకేముంది? కొంతమందికి నగలున్నాయి, కొంతమందికి కొడుకులున్నారు. నాకు ఇద్దరూ ఆడపిల్లలు, ఒక తీగ.

మా పక్క క్వార్టరుకు ఆమె వచ్చినప్పటికి తీగ వయసు పదేళ్లు దాటింది. ఆమె భర్త, మా ఆయన ఒకే బాయి. ఆమె పుట్టింది మా అత్తగారి ఊరికి దగ్గరలోని తండాలో. బిడ్డతో వాళ్ల భాషలో మాట్లాడేది, నాతో మా అందరికన్నా తీయటి తెలుగు మాట్లాడేది. ముప్పై దాటి ఉంటాయేమో. ఒక్కతే బిడ్డ, రెండో తరగతి. ఆమె అత్తగారు వేరే తండాలో ఉండి పండుగలకు వచ్చేది, వచ్చిన ప్రతిసారీ మనుమడు ఎప్పుడని అడిగేది. ఇది తండా సంగతి కాదు, మా వరసలో ఏ అత్త వచ్చినా అదే పాట. మా అత్త బతికున్నన్నాళ్లూ నేనూ విన్నాను.

మొక్కల సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. నేను గడియారం చూసి నీళ్లు పోసే రకం. ఆమె మట్టిలో రెండో కణుపు దాకా వేలు గుచ్చి, తీసి, వేలికంటిన మట్టిని చూసేది. తడి ఉంటే ఆ రోజు పోసేది కాదు. వానలు వెనకబట్టిన నెలలోనే జనం మొక్కలను ఎక్కువ చంపుతారని, పైన ఎండ కనిపిస్తుంది గానీ లోపల వేరు ఇంకా నీళ్లలోనే ఉంటుందని చెప్పేది. నా కలబంద రెండుసార్లు కుళ్లిపోయాక ఆమె మాట విన్నాను. ఇప్పటికీ అలాగే వేలు గుచ్చి చూస్తాను. ఆమె దగ్గర నేర్చుకున్నదాంట్లో నాకు మిగిలింది అదొక్కటే.

తీగను మాత్రం ఆమె నన్ను అడగకుండా ముట్టేది కాదు. దూరం నుంచి చూసి, మంచిగ పారిందక్కా అనేది. మధ్యాహ్నం పూట మా వరండాలోనే కూర్చుని బియ్యం ఏరుకునేవాళ్లం. ఆమె మంచినీళ్లు తాగిన గ్లాసు నేను కడిగి విడిగా పెట్టేదాన్ని కాదు. అలా పెట్టే ఇళ్లు ఆ వరసలో ఉన్నాయి. పెట్టనందుకు నన్ను నేను మంచిదాన్నని అనుకునేదాన్ని. ఎంత చవకగా మంచిదాన్నయిపోయానో తర్వాత తెలిసింది.

ఆ ఏడు వానలు ఎక్కువయ్యాయి. వానలు వెలిసేసరికి తీగ ఆకుల వెనక తెల్లటి చిన్న పురుగు పట్టింది. మా అత్త ఇలాంటప్పుడు పొయ్యిలో బూడిద చల్లేదని గుర్తొచ్చింది. అత్తది కట్టెల పొయ్యి. తుమ్మ మొద్దులు, పిడకలు కాలిన తెల్లటి మెత్తటి బూడిద అది. మా ఇంట్లో గ్యాసు. కానీ మా వరస చివరింట్లో ఇంకా స్నానాల నీళ్లకు బొగ్గు పొయ్యి వెలిగించేవాళ్లు. వాళ్ల పెరట్లో బూడిద కుప్పపోసి ఉండేది. బూడిద ఏదైతే ఏం, కాలిందే కదా అనుకున్నాను. రెండు తట్టలు తెచ్చాను. ఆకుల మీద కాస్త చల్లి ఊరుకుంటే ఎంత బాగుండేది. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలని డ్రమ్ములో మొదలు చుట్టూ బెత్తెడు మందం పోసి, పైన రెండు చెంబుల నీళ్లు పోసి అదిమాను. బొగ్గు ఊరిలో పదిహేడేళ్లు కాపురం చేసినదాన్ని, బొగ్గు బూడిదకు కట్టె బూడిదకు తేడా తెలియని తెలివి నాది.

మర్నాడు నేను జనగామ బయల్దేరాను. బతుకమ్మకు ఆడబిడ్డ పుట్టింటికి పోవాలి, మా అమ్మ అప్పటికింకా ఉంది. ఎనిమిది రోజులు ఉండి, సద్దులకు తిరిగి వస్తాను. అప్పటిదాకా మొక్కలు చూసుకొమ్మని తాళంచెవి పక్కింటి ఆమె చేతిలో పెట్టాను. మా ఆయనకు మొక్కలు అప్పగిస్తే ఆ ఎనిమిది రోజులూ అవి కూడా బిస్కెట్లు తిని బతకాల్సిందే. ఆమె డ్రమ్ము దగ్గర ఆగింది.

"గిదేంది అక్కా?"

బూడిద అన్నాను. ఎక్కడిదని అడగబోయినట్టుంది. బస్సుకు టైమైంది, వచ్చాక మాట్లాడదామని సంచులు ఎత్తుకున్నాను. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి, నీళ్లు మాత్రం మరవకు అన్నాను. ఆమె తల ఊపింది.

ఎనిమిదో రోజు సాయంత్రం తిరిగొచ్చాను. పరకాల దాటినప్పటి నుంచి నా మనసు మొక్కల మీదే ఉంది. ఎంతమందికి ఆకులు సరిపోతాయో లెక్కలు కట్టుకుంటూ వచ్చాను. వరండా తలుపు తీసేసరికి తీగ వేలాడిపోయి ఉంది. ఆకుల అంచులు గోధుమ రంగుకు మాడి లోపలికి ముడుచుకున్నాయి. కింద సగం ఆకులు రాలిపోయాయి. డ్రమ్ములో పైమట్టి తవ్వి తీసి, కొత్త ఎర్రమట్టి పోసి ఉంది. తీసిన బూడిదమట్టి గోడ వార కుప్పగా ఉంది. మిగతా మొక్కలన్నీ నిగనిగలాడుతున్నాయి. చామంతికి మొగ్గలు కూడా వచ్చాయి.

ఇప్పుడు రాస్తుంటే ఆ వరండాలో జరిగిందంతా నాకు స్పష్టంగా కనిపిస్తోంది. తీగ మాడుతుంటే ఎవరో బూడిద తీసేశారు. మంచి మట్టి వేశారు. కాపాడబోయారు. ఆ రోజు కూడా కుప్ప అక్కడే ఉంది, నా కళ్లూ నాకే ఉన్నాయి. నాకు కనిపించింది ఒక్కటే: ఆమె తీగ మొదట్లో చెయ్యి పెట్టింది. మా అత్త మాట చెవిలో గింగురుమంది. తాకితే మాడి చస్తుంది. దూరమున్న రోజే తాకి ఉంటుందనుకున్నాను. అంతే, ఇక దేన్నీ చూడలేదు. పక్కింటి తలుపు తట్టి ఏం జరిగిందని అడిగితే సరిపోయేది. అడగలేదు. ఆమె తాళంచెవి ఇవ్వడానికి వచ్చి ఏదో చెప్పబోతే, ప్రయాణం చేసి తల నొప్పిగా ఉందని తలుపేసుకున్నాను.

మర్నాడు సద్దుల బతుకమ్మ. సాయంత్రం వరస ముందున్న జాగలో బతుకమ్మలు దింపారు. తంగేడు, గునుగు, బంతి పేర్చిన పెద్ద పెద్ద బతుకమ్మలు. ఆడవాళ్లు అలవాటు ప్రకారం పళ్లాలతో మా జాలీ దగ్గరికొచ్చారు. నేను ఖాళీ చేతులతో నిలబడ్డాను. ఆకులేవీ అని ఒకరు, తీగకేమైందని ఒకరు. ఇంకొకరు, ఇంటి తీగ మాడడం అరిష్టం కదా అని గొణిగారు. నా పెద్దరికం అందరి ముందూ నేలపాలైంది. సిగ్గు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. ఆమె కొంచెం వెనకగా తన బతుకమ్మ పట్టుకుని నిలబడి ఉంది. పక్కనే తండా నుంచి పండుగకు వచ్చిన వాళ్ల అత్తగారు, ఇద్దరు చుట్టాలు.

నేను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, కోపంలో అన్నదనుకునేవాళ్లు. మెల్లగా, అందరికీ వినిపించేలా అన్నాను.

"దూరమున్న చెయ్యి తాకినట్టుంది. తాళంచెవి ఇచ్చిపోయిన నాదే తప్పు."

అందరూ ఆమె వైపు తిరిగారు. చివరింటి పెద్దావిడ, బొగ్గు పొయ్యి ఆవిడే, గౌరమ్మకు పెట్టే ఆకు అది, ఉట్టిగ పోనియ్యొద్దు అంది. అంతటితో నేనైనా ఆపాల్సింది. నేనే ముందుకు దూకాను.

"గౌరమ్మ మీద చెయ్యేసి చెప్పు. తీగను ముట్టలేదని చెప్పు, ఇంకేం అననిక."

ఆమె ముట్టింది. బూడిద తియ్యడానికి ముట్టింది. అబద్ధపు ప్రమాణం చేస్తే ఆ క్షణంలో బతికిపోయేది. మాలో చాలామంది చేసేవాళ్లం, నేను కూడా. ఆమె బతుకమ్మను కింద పెట్టి, కొంగు సర్దుకుని, నా మొఖంలోకి చూసింది.

"ముట్టిన అక్కా. నాకు దూరముండుడు ఏడికెల్లి వస్తది? ఐదేండ్ల కిందనే దవాఖానల గర్భసంచి తీసేసిండ్రు."

పాట మొదలుపెట్టడానికి చప్పట్లకు చేతులెత్తిన పిల్లలు కూడా ఆగిపోయారు. ఆమె అత్తగారికి ఆ మాట అప్పటిదాకా తెలియదు. భార్యాభర్తలిద్దరే దాచుకున్న మాట అది. బిడ్డ పుట్టిన రెండేళ్లకు కడుపునొప్పని దవాఖానకు పోతే, ఉంచితే ప్రమాదమని భయపెట్టి తీసేశారట. మా దిక్కు ఎంతమంది ఆడవాళ్లకు అలా జరిగిందో ఏ గడపలో అడిగినా చెబుతారు. మనుమడి కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఎలా చెప్పాలో తెలియక దాచారు. ఆ ముసలావిడ కోడలిని ఒక్క మాట అనలేదు. వాళ్ల భాషలో చుట్టాలతో ఏదో అని, లేచి ఇంట్లోకి పోయింది. ఆమె తన బతుకమ్మ ఎత్తుకుని వెనకే పోయింది. మేం ఆడాం. అంత జరిగాక కూడా మూడు పాటలు ఆడి, బతుకమ్మలను చెరువులో వేసి, సద్దులు పంచుకుని తిన్నాం. నేను నువ్వుల సద్ది రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఇంకొక మాట కూడా రాయాలి. ఆమె తండా మనిషి కాకపోయి ఉంటే, పెద్ద ఉద్యోగి భార్య అయి ఉంటే, ఆ మాట నా నోట వచ్చేది కాదు. తీగ ఎందుకు మాడిందో ఆవిడనైతే మర్యాదగా అడిగేదాన్ని. గ్లాసు విడిగా పెట్టని నా మంచితనం ఆ సాయంత్రం దాకానే.

ఆ తర్వాత గోడ అవతల చాలా రోజులు ఏడుపులు లేవు, తిట్లు లేవు. గిన్నెల చప్పుడు కూడా తగ్గింది. దీపావళి అయ్యాక ఆమె బిడ్డను తీసుకుని తల్లిగారి తండాకు పోయింది. పోయే రోజు మా ఇంటి ముందు నుంచే నడిచింది. నేను లోపల పప్పు రుబ్బుతూ మిక్సీ ఆపలేదు. అతను మంచివాడే అంటారు అందరూ. అవునని చెప్పలేక, కాదని చెప్పలేక తల్లి మాటకు తలవంచే మంచివాడు. మరుసటి ఎండాకాలం అతనికి ఇంకో పెళ్లయింది. ఇంకో బాయికి మార్పించుకుని వెళ్లిపోయాడు. పక్క క్వార్టరుకు కొత్తవాళ్లొచ్చారు. వాళ్లకు మొక్కలంటే పడదు, దోమలొస్తాయట.

అప్పటికి కూడా నాకు నిజం తెలియదు. ఎవరో కడుపుతో ఉన్నవాళ్లు తాకారేమో, ఎవరి దిష్టో తగిలిందేమో అని కొన్నాళ్లు సర్దుకున్నాను. తప్పు మనది కాకుండా ఉండడానికి మనసు ఎన్ని దార్లు వెతుకుతుందో. తర్వాతి బతుకమ్మ నెలలో చామంతికి పురుగు పట్టింది. మళ్లీ అదే బూడిద తెచ్చి పోశాను. వారం తిరిగేసరికి ఆకుల అంచులు గోధుమ రంగుకు మాడి లోపలికి ముడుచుకున్నాయి. అచ్చం తీగ మాడినట్టే. నేను ఆ డబ్బా ముందే కూర్చుని ఆకు ఒక్కొక్కటీ తిప్పి చూశాను. మొదటి షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయన టిఫిన్ డబ్బా కింద పెట్టి, చామంతి మొదట్లోకి తొంగిచూశాడు.

"బొగ్గు బూడిద చెట్లకు పోస్తరా ఎవలన్న? బాయికాడ గా బూడిద పోసిన జాగల గడ్డి గూడ మొలుస్తలేదు."

తీగకు కూడా ఇదే పోశానని చెప్పాను. ముందే చెబితే వద్దనేవాణ్ని కదా అన్నాడు. బూట్లు విప్పుకుని స్నానానికి పోయాడు. ఆయనకు తెలుసు. వరసలో ఏ మగవాణ్ని అడిగినా తెలుసు. ఎవర్నీ అడగలేదు నేను.

అప్పుడే పరుగెత్తుకుంటూ పోయి ఆమె కాళ్ల మీద పడ్డానని రాసుకోవచ్చు. పోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు, భయం. ఏ ముఖం పెట్టుకుని పోవాలి? రెండేళ్లు గడిచాయి, మూడేళ్లు గడిచాయి. ఆయన ఉద్యోగం అయిపోయింది. క్వార్టరు ఖాళీ చేసి జనగామ వచ్చాం. నీలం డ్రమ్ము అక్కడే పారేసి, కొత్త కుండీలు కొన్నాను. అందులో ఒకటి మిగతావాటికన్నా పెద్దది. దాంట్లో మంచి ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాను. ఏం నాటాలో నాకు తెలుసు. మార్కెట్టు దగ్గర నర్సరీలో తమలపాకు అంట్లు దొరుకుతాయి. అవి నాటబుద్ధి కాలేదు.

పోయిన ఏడు, ఇదే నెలలో, ఒక పొద్దున తొర్రూరు వైపు పోయే బస్సెక్కాను. పెద్దవంగర దగ్గర దిగి ఆటోలో తండాకు పోయాను. అడిగితే ఇల్లు చూపించారు. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు పత్తి బస్తాలు. బిడ్డ గురుకులంలో చదువుతోందట, తను కూలికి పత్తి ఏరుతోందట. నన్ను చూసి ఒక్క క్షణం నిలబడిపోయి, తర్వాత మంచం వాల్చి కూర్చోమంది. చాయ పెట్టింది. ఆరోగ్యం అడిగింది, నా బిడ్డలను అడిగింది. ఇంకా అక్క అనే పిలిచింది. అది అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటికే చూశాను దాన్ని. గోడ వార వెదురు పందిరి మీద తమలపాకు తీగ. అరచేయంత ఆకులు, ముదురు పచ్చ. చాయ గ్లాసు కింద పెట్టి, ఆ రోజు నేను పోసింది బొగ్గు బూడిదని, తీగను చంపింది నేనేనని చెప్పాను. ఆమె పత్తిలోని చెత్త ఏరుతూ విన్నది.

"గది నాకప్పుడే ఎర్కైంది అక్కా. నువ్వు పోయిన మూడో దినమే ఆకులు కాలవట్టినయి. అందుకే బూడిద తీసి మట్టి పోసిన."

మరి ఆ రోజు అందరి ముందు ఆ మాటే చెబితే పోయేది కదా అన్నాను. నా గొంతులో ఆమె మీదనే నిష్ఠూరం ఉంది. అప్పటికీ, అక్కడ కూర్చుని కూడా. ఆమె తల ఎత్తింది.

"నువ్వు బూడిద సంగతి అడిగితివా అక్కా? నా ఒంటి సంగతి అడిగినవ్."

నేను చాయ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. నా చూపు పందిరి మీదికి పోవడం ఆమే గమనించింది. అది మా డ్రమ్ములోని తీగేనని చెప్పింది. మాడిపోతున్నప్పుడు బాగున్న రెండు కొమ్మలు తుంచి డబ్బాలో పెట్టిందట, నేను జనగామ నుంచి వచ్చాక ఇద్దామని. తాళంచెవి ఇవ్వడానికి వచ్చినప్పుడు చెప్పబోయింది అదే. నేను తలుపేసుకున్నాను. తల్లిగారింటికి వస్తూ ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట.

నేను సిగ్గు విడిచి అడిగాను, ఒక్క కొమ్మ ఇవ్వమని. మా అత్త చేతి తీగ అని కూడా అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు.

"కొమ్మ ఇయ్యనక్కా."

అంతే అంది. నేను లేచాను. ఇంటికొచ్చిన ముత్తైదువను ఉత్త చేతులతో పంపకూడదని లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. నాకు బొట్టు పెట్టింది. పందిరి దగ్గరికి పోయి, కాడతో తుంచి, సరిగ్గా ఐదాకులు, రెండు వక్కలు నా కొంగులో పెట్టింది. సద్దులనాడు నేను అందరికీ ఇచ్చినట్టే. ఆకులు నాటితే బతకవు. ఆ సంగతి నాకు తెలుసని ఆమెకు తెలుసు.

బస్సులో జనగామ దాకా వాటిని కొంగులోనే పట్టుకున్నాను. ఇంట్లో మంచినీళ్ల గ్లాసులో పెడితే నాలుగు రోజులున్నాయి. వేసుకుని నమలబుద్ధి కాలేదు, దేవుడి ముందు పెట్టబుద్ధి కాలేదు. వాడిపోయాక పారేశాను.

వీడియో చూశానా అని బిడ్డ నిన్న ఫోను చేసింది. చూశానన్నాను. కెమెరాలో బాల్కనీ చూపించమంటే చూపించాను. క్రోటన్ల మీద దూది లేదు, చామంతి మొగ్గ తొడిగింది. నేను రోజూ పొద్దున కుండీలన్నిటిలో వేలు గుచ్చి చూస్తాను, ఆ పెద్ద కుండీలో కూడా గుచ్చుతాను. అలవాటైపోయింది. బిడ్డ దాన్నే చూసి, ఆ ఒక్కటి ఎప్పుడూ ఖాళీగా ఎందుకుంటుంది అమ్మా, ఏదన్నా పెట్టరాదా అంది.

దాంట్లో మట్టి బాగలేదని చెప్పాను. మట్టి బాగానే ఉంది.